గొంతు నుంచి ఫైలు దాకా

ఇంట్లో పాట రికార్డు చేసుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది? సంగీతం నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు, గురువుగారికి పాఠం పాడి పంపాల్సినవాళ్లు, పద్యాలో కథలో చదివి పదిమందికీ వినిపించాలనుకునే పెద్దవాళ్లు, అందరూ ఇదే అడుగుతారు. నన్నడిగితే ఇది చివర్లో అడగాల్సిన ప్రశ్న. పాట కంప్యూటర్లోకి చేరేసరికే దాని మంచిచెడ్డలు చాలావరకు తేలిపోయి ఉంటాయి. గది, మైకు, వైరు, ఆ వైరు గుచ్చిన చోటు, గెయిన్ ఎంత పెట్టామన్నది, ఇవి కుదిరితే డబ్బు పెట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే చక్కటి రికార్డింగ్ వస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఆ పాటను నిలబెట్టలేదు. అందుకని గొంతు దగ్గర మొదలుపెట్టి, శబ్దం నడిచే దారి వెంటే వెళ్దాం. ఒక గాయని, పక్కన తంబురా శ్రుతి, ఎదురుగా లాప్‌టాప్ ఉన్నాయనుకుందాం.

ముందు గది సంగతి. టైల్స్ నేల, నున్నటి సిమెంటు గోడలు, ఖాళీ హాలు, మన ఇళ్లన్నీ దాదాపు ఇంతే. పాడిన స్వరం గోడకు తగిలి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా మళ్లీ మైకులో పడుతుంది. గదిలో కూర్చుని వింటున్నప్పుడు అది తెలియదు, రికార్డింగ్‌లో మాత్రం గొంతు డొల్లగా, దూరంగా వినిపిస్తుంది. పరుపు, దిండ్లు, తలుపు తీసిన బట్టల బీరువా ఉన్న పడకగది హాలుకన్నా ఎన్నో రెట్లు నయం. ఒక మందపాటి బొంతను తాడు మీద వేలాడదీస్తే ఇంకా మంచిది. చాలామంది దాన్ని మైకు వెనక కడతారు. ఎక్కువ ప్రయోజనం గాయని వెనక కడితేనే. పాటకు వాడే మైకుల్లో ఎక్కువభాగం ముందు వైపు శబ్దాన్ని బాగా పట్టి, వెనక వైపు శబ్దాన్ని తగ్గిస్తాయి. మైకు ముఖం గాయని వైపు ఉంటుంది కాబట్టి, ఆమె వెనక గోడ మీంచి తిరిగొచ్చేదంతా సూటిగా అందులోకే వెళ్తుంది. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ దగ్గర్లో లేకుండా చూసుకోవాలి. నురుగు పలకలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయే కానీ వీధిలోని హారన్లను ఆపలేవు.

మైకుల్లో కొత్తవాళ్లకు ఎదురయ్యేవి రెండు రకాలు. డైనమిక్ మైకులో పల్చటి పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి కరెంటు పుట్టిస్తుంది. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 ఈ కోవలోదే, ఇప్పటికీ వేదికల మీద కనిపిస్తుంది. కండెన్సర్ మైకు ఇంకా సున్నితం. గొంతులోని సన్నటి ఊపిరిని కూడా పడుతుంది, పక్కింటి కుక్కర్ విజిల్‌ను కూడా అంతే శ్రద్ధగా పడుతుంది. గది ప్రశాంతంగా ఉంటే కండెన్సర్, రోడ్డు పక్క ఇల్లయితే డైనమిక్, ఇదీ నా సలహా. మైకుకు, నోటికి మధ్య జానెడు దూరం సరిపోతుంది. మరీ దగ్గరికి జరిగితే మంద్ర స్వరాలు ఉబ్బిపోతాయి. ప, ఫ, భ లాంటి అక్షరాల దగ్గర గాలి దెబ్బ తగలకుండా పాప్ ఫిల్టర్ పెట్టుకోవాలి. లేదా మైకును నోటికి కాస్త పక్కగా తిప్పినా చాలు.

ఇక వైరు. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇబ్బందుల్లో సగం ఇక్కడే పుడతాయి. మంచి మైకుకు వెనక మూడు పిన్నులుంటాయి. పుస్తకాల్లో దీని పేరు ఎక్స్ఎల్ఆర్, సౌండ్ సిస్టమ్ వాళ్లు క్యానన్ అంటారు. ఒకటో పిన్ను ఎర్త్. రెండో పిన్నులో పాట ఉన్నదున్నట్టుగా, మూడో పిన్నులో అదే పాట తలకిందులుగా ప్రయాణిస్తుంది. దారిలో కరెంటు వైర్ల నుంచి, ఫోన్ల నుంచి వచ్చే రొద రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. అవతలి చివరన పరికరం ఒక తీగలో ఉన్నదాంట్లోంచి రెండో తీగలో ఉన్నదాన్ని తీసేస్తుంది. లెక్క వేసి చూడండి: పాట ఒకచోట +1, ఇంకోచోట -1, తీసేస్తే 2 మిగులుతుంది. రొద రెండుచోట్లా +1, తీసేస్తే సున్నా. అందుకే ఈ వైరు పది మీటర్లున్నా పాట శుభ్రంగా అందుతుంది.

ఇంతే లావున్న జాక్ వైర్లు వేరే ఉన్నాయి, పావంగుళం జాక్ అంటారే అవి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట పీ-38 అని అడిగితే ఇచ్చేస్తారు. మొన మీద నల్లటి గీత ఒకటే ఉంటే అందులో రెండే దారులు, అంటే పైన చెప్పిన తీసివేత జరగదు. రెండు గీతలుంటే మూడు దారులు. వీణకు, గిటారుకు పికప్ పెట్టుకున్నవాళ్లకు ఒక గీత జాకే వస్తుంది. దాన్ని రికార్డింగ్ పరికరం మీద (దాని సంగతి కాసేపట్లో వస్తుంది) ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉన్న చోట గుచ్చాలి, లేదా ఆ మీట నొక్కాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే నాదం మొద్దుబారి, పైస్వరాల మెరుపు పోతుంది.

లాప్‌టాప్ పక్కనుండే చిన్న రంధ్రంలో మైకు గుచ్చడం చాలామంది చేసే పనే. ఆ రంధ్రం ఫోను ఇయర్‌ఫోన్ల కోసం చేసింది. అందులోంచి కొద్ది వోల్టుల కరెంటే వస్తుంది, లోపలి యాంప్లిఫయరూ మాట్లాడుకోవడానికి సరిపోయేంతే. పెద్ద మైకు గుచ్చితే పాట పీలగా, బుసబుస మధ్య వినిపిస్తుంది. ఇంకో ప్రమాదం, యాంప్లిఫయర్ వెనక స్పీకర్లకు వెళ్లే వైరును తెచ్చి రికార్డింగ్ పరికరంలో గుచ్చడం. ఆ కరెంటుకు పరికరం కాలిపోవచ్చు.

మైకుకూ లాప్‌టాప్‌కూ మధ్య ఉండాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్. ఫోకస్‌రైట్, బెహ్రింగర్, స్టైన్‌బర్గ్ లాంటి కంపెనీలవి ఒకటి రెండు మైకులకు సరిపోయే చిన్న పెట్టెలు దొరుకుతాయి. ఇది మూడు పనులు చేస్తుంది. మైకు నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. దాన్ని ప్రీయాంప్ వోల్టు స్థాయికి పెంచుతుంది. ఆ తర్వాత దాన్ని అంకెలుగా మార్చి యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపుతుంది. తిరిగొచ్చే అంకెల్ని మళ్లీ శబ్దం చేసి హెడ్‌ఫోన్లకు ఇస్తుంది. యూఎస్‌బీ వైరు విషయంలో ఒక జాగ్రత్త: చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే వైర్లు మన ఇళ్లలో బోలెడు. వాటితో పెట్టె మీద దీపం వెలుగుతుంది కానీ కంప్యూటర్‌కు పరికరం కనబడదు. పెట్టెతో వచ్చిన వైరునే వాడండి.

పెట్టె మీద 48వీ అనే మీట ఉంటుంది. కండెన్సర్ మైకు పనిచేయాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటును మైకు వైరులోంచే పంపే పద్ధతి ఇది, ఫాంటమ్ పవర్ అంటారు. 48 వోల్టులే ఎందుకన్నదానికి ఒక కథ ఉంది. 1966లో జర్మనీ కంపెనీ నాయ్‌మన్ ట్రాన్సిస్టర్ మైకులు నార్వే రేడియోకు తయారుచేసి ఇచ్చింది. చలికాలం పగలు చాలా తక్కువసేపుండే ఆ దేశంలో, స్టూడియోల్లో అదనపు దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే మైకులకూ వాడారు, తర్వాత ప్రపంచమంతా అదే ప్రమాణమైంది. డైనమిక్ మైకుకు ఈ మీట అక్కర్లేదు, పొరపాటున నొక్కినా సరైన వైరు ఉంటే మైకు పాడవదు. వైరు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు మీట ఆపి, హెడ్‌ఫోన్లు చెవుల మీంచి తీసేయడం అలవాటు చేసుకోండి.

మైకు శబ్దాన్ని ప్రీయాంప్ ఎంత పెంచాలో చెప్పేది గెయిన్ మీట. దాని దగ్గర కొత్తవాళ్లు రెండు వైపులా తప్పు చేస్తారు. కంప్యూటర్ తెర మీద మీటరులో 0 అన్నదే కప్పు. అంతకుమించిన శబ్దాన్ని రాయడానికి అంకెలే ఉండవు, కాబట్టి పై భాగం తెగిపోయి గరగరమంటుంది. దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం. కృతిలో మంద్రం పాడుతూ గెయిన్ సరిచూసుకుంటే తారస్థాయి షడ్జం దగ్గర తెగిపోవడం ఖాయం. గాయని పాడబోయే పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చోటునే ముందు పాడించి, మీటరు -12 దగ్గర ఆగేలా పెట్టాలి. మరీ తగ్గిపోతుందేమోనన్న బెంగ అనవసరం. 16 బిట్ల రికార్డింగ్‌లో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య లెక్కప్రకారం 96 డెసిబెల్స్ జాగా ఉంటుంది, 24 బిట్లలో 144. కాబట్టి 24 బిట్లే ఎంచుకోండి, పైన జాగా వదిలేయండి.

బిట్ల పక్కనే ఇంకో అంకె అడుగుతుంది సాఫ్ట్‌వేర్: 44,100 లేదా 48,000. సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలి అన్నదే ఆ ప్రశ్న. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దాన్ని పట్టాలంటే అంతకు రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. 1982లో వచ్చిన సీడీకి 44,100 పెట్టారు, వీడియోలకు 48,000 వాడతారు. ఏదైనా ఫరవాలేదు, కానీ మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే ఉండాలి. 44,100 మీద రికార్డయిన పాటను సాఫ్ట్‌వేర్ పొరపాటున 48,000 అనుకుని వినిపిస్తే వేగం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. గాయని శ్రుతి తప్పిందని ఎవరూ అనుకోకుండా, ముందు ఈ అంకె చూడండి.

రికార్డింగ్ నిండా బుయ్యిమని సన్నటి మోత వస్తోందా? మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత సాధారణంగా 50 దగ్గరో 100 దగ్గరో ఉంటుంది. లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగిపోతే దోషం ఎర్త్ దారిలో ఉంది. అన్ని పరికరాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తేవడం మంచిది. మోత పోగొట్టడానికి ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. ఆ పిన్ను ప్రాణం కాపాడేది, దాని జోలికి వెళ్లకూడదు.

తంబురాను స్పీకర్లో మోగిస్తూ పాడితే ఆ శ్రుతి కూడా గాయని మైకులో పడుతుంది, తర్వాత తగ్గించడానికి వీలుండదు. హెడ్‌ఫోన్లలో వింటూ పాడాలి. అప్పుడు ఎదురయ్యే చిక్కు ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న గుంపులుగా తీసుకుంటుంది, ఆ గుంపు పరిమాణమే బఫర్. 48,000 దగ్గర 256 పెడితే గుంపు నిండడానికి 5 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21. రాకపోకలు రెండూ కలిపితే తన గొంతు తనకే వెనకపడి వినిపించి గాయని తడబడుతుంది. పాడేటప్పుడు బఫర్ తగ్గించండి, తర్వాత మిక్సింగ్‌లో పెంచండి. ఇంకా మేలైన దారి పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ మీట. దాన్ని నొక్కితే గొంతు కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా నేరుగా చెవికి వస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి పనికిరావు, వాటి ఆలస్యం మరీ ఎక్కువ. ఆలస్యం తగ్గాలంటే విండోస్ వాడేవాళ్లు పెట్టె తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవర్ వేసుకోవాలి. మ్యాక్‌లో ఆ అవసరం చాలాసార్లు రాదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఆడాసిటీ ఉచితం. ఒక గొంతుకు, ఒక తంబురాకు ఇది ధారాళంగా సరిపోతుంది. మృదంగం, వయొలిన్ కూడా విడివిడి ట్రాకుల్లో కావాలనుకున్నప్పుడు రీపర్ మేలు. 60 రోజులు వాడి చూసి, నచ్చితే సొంతానికి వాడుకునేవాళ్లు 60 డాలర్లకు లైసెన్సు కొనుక్కోవచ్చు. ఆపిల్ కంప్యూటర్లవాళ్లకు గరాజ్‌బ్యాండ్ ఉచితంగా దొరుకుతుంది. వీటిలో చాలావాటికి టిక్కుటిక్కుమనే క్లిక్, తెరమీద తాళం గీతలు ముందే పెట్టి ఉంటాయి. ఆలాపన పాడేవాళ్లు ఆ క్లిక్ ఆపేసి, గీతల్ని నిమిషాలు, సెకన్లకు మార్చుకోవాలి.

రెండు ఎఫెక్టుల దగ్గర చేయి నిదానంగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఒకటి నాయిస్ రిడక్షన్. ఎక్కువ వేస్తే సాగదీసిన స్వరం చివర్లో సన్నగిల్లే భాగాన్ని కూడా రొద అనుకుని తినేస్తుంది. రెండోది శ్రుతి సరిచేసే సాధనం. స్థాయిని పన్నెండు మెట్లుగా చేసి స్వరాన్ని దగ్గర్లోని మెట్టు మీదికి లాగడం దాని పని. తోడి గాంధారంలాంటి ఊగే స్వరాన్ని దానికి అప్పగిస్తే గమకమే చచ్చిపోతుంది. తప్పు పడిన చరణాన్ని మళ్లీ పాడించడం ఎప్పుడూ మేలు.

పని ముగిశాక సేవ్ ప్రాజెక్ట్ నొక్కితే వచ్చేది ఆ సాఫ్ట్‌వేర్ మాత్రమే తెరవగల ఫైలు. అది గురువుగారి ఫోన్‌లో మోగదు. పాటగా పంపాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3 చాలు, కానీ అసలు ప్రతిని వేవ్ ఫైలుగానే ఉంచుకోండి. ఎంపీ3లో ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు. 48,000, 24 బిట్ల మోనో రికార్డింగ్ నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు, గంటకు అర గిగాబైట్ పైచిలుకు. ఒక కచేరీ మొత్తం చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. లాప్‌టాప్‌లో ఒక ప్రతి, బయట ఇంకో ప్రతి పెట్టుకుని, ఫైలు పేరులో రాగం, తాళం, శ్రుతి, తేదీ రాసుకోండి.