గేరుపెట్టెలోని రొద

1891వ సంవత్సరమున పారిస్ నగరములో రెనే పన్హార్, ఎమిల్ లెవసోర్ అను భాగస్వాములు ఇంజను ముందుభాగమున గల మోటారు బండి నొకదానిని నిర్మించిరి. ఎత్తెక్కునపుడు బండి మెల్లగా, బలముగా పోవలయును. చదునునేలపై వేగముగా పోవలయును. ఇందులకై లెవసోర్ ఒక ఇరుసుపై పెద్దవియు చిన్నవియు నగు పండ్లచక్రములను అమర్చి, వానిని ప్రక్కకు జరుపుచు, రెండవ ఇరుసుమీది చక్రములలో తగినదానితో కలియునట్లు చేసెను. ఉపాయము మోటైనదే గాని పని జరుగుచున్నదని ఆయనయే అనెనని చెప్పుదురు. 1895లో పారిస్ నుండి బోర్డోకు పోయి మరల వచ్చు పందెములో, సుమారు 1,178 కిలోమీటర్ల దూరమును ఆయన 49 గంటలకు లోపుగనే ముగించెను.

కాని ఆ చక్రముల రొద ఇంతింత కాదు. రొదను సహింపవచ్చును, అది విరుగబోవు పంటి హెచ్చరిక యైనచో సహించుట అపాయము. కావున ప్రయోగములు చేయువారు మొదట తెలిసికొనవలసినది రొద ఎచ్చట పుట్టుచున్నదనియే.

ఏ గేరును వేయకున్నను, ఇంజను తిరుగుచుండగా రొద వచ్చి, క్లచ్ విడదీయగనే ఆగినచో, దోషము మొదటి ఇరుసుయొక్క బేరింగులయందు ఉండవచ్చును. ఒక్క గేరులోనే వినబడినచో ఆ జతను చూడవలయును. 20 పండ్లు గల చక్రము నిమిషమునకు 900 మారులు తిరిగినచో, సెకనుకు 15 చుట్లు. అనగా పండ్లు 300 మారులు తాకును. ప్రతి తాకిడియు చిన్న దెబ్బయే. చెవికది సన్నని కూతగా తోచును. వేగము హెచ్చినకొలది కూత స్థాయియు హెచ్చును. ఒక్క పన్ను మాత్రమే చిట్లినచో కూత కాదు, చుట్టునకొక టక్కుమను దెబ్బ. సుద్దముక్కతో గుర్తు పెట్టి, చేతితో మెల్లగా త్రిప్పి, ఏ చక్రము ఒక చుట్టు తిరుగగా దెబ్బ వచ్చునో లెక్కించినచో దోషి దొరకును.

పండ్లన్నియు బాగుగనే యున్నను కూత మానదేమి? పండ్లపై పలుచగా రంగు పూసి త్రిప్పి చూడవలయును. రంగు ఒక అంచుననే చెరిగినచో ఇరుసులు సమాంతరముగా లేవు. లేదా బరువునకు వంగుచున్నవి. తొందరపడువారు ఇచ్చటనే పొరపడి పంటిని అరగదీయుదురు. తప్పు ఇరుసుది, శిక్ష పంటికి! మరికొందరు గడుసువారు కందెనలో రంపపుపొట్టు కలిపెడివారు. రొద అణగును, అరుగుదల మాత్రము ఆగదు.

1898లో ఇరువదియొకటేండ్ల లూయీ రెనో వేరొక త్రోవ త్రొక్కెను. పై గేరులో ఇంజను శక్తి పండ్లమీదుగా పోనేల? రెండు ఇరుసులను సూటిగా కలిపినచో చాలును గదా! ఆ ఏడు డిసెంబరు 24వ తేదీన ఆయన బండి పారిస్‌లోని మోన్‌మార్త్ర గుట్టమీది లెపిక్ వీథిని ఎక్కి చూపెను. అయినను ఈ సౌఖ్యము పై గేరునకే దక్కెను. క్రింది గేర్లు కూయుచునే యుండెను.

తరువాతి కాలమున పండ్లను ఏటవాలుగా కోయుట మోటారు బండ్లయందు వ్యాపించెను. తిన్నని పన్ను నిడివి అంతయు ఒక్కసారిగా తాకును. ఏటవాలు పన్ను ఒక కొనతో మొదలిడి క్రమముగా ఒరయును. అందుచే దెబ్బ మెత్తబడును. అయితే చక్రములు ప్రక్కకు నెట్టబడుటచే బేరింగులు మరింత బలముగా నుండవలయును. వెనుకకు పోవు గేరును వాడునది కొలది సేపే గనుక, దానికి తిన్నని పండ్లే చాలునని పెక్కు బండ్లలో విడిచిరి. అట్టి బండి వెనుకకు నడచునపుడు వినబడు కూత ఆ పండ్లదే.