విరిగిన గేరును కొలవకండి

హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 1970లలో అమ్మిన 8640బి సిగ్నల్ జనరేటర్‌ను ఇవాళ్టికీ బల్ల మీద పెట్టుకుని వాడేవాళ్ళున్నారు, ముఖ్యంగా హామ్ రేడియో వాళ్ళు. 500 కిలోహెర్ట్జ్ నుంచి 512 మెగాహెర్ట్జ్ దాకా ఏ ఫ్రీక్వెన్సీ అడిగినా చాలా శుభ్రమైన సిగ్నల్ ఇస్తుంది. అంత మంచి యంత్రం మూలపడడానికి కారణం చాలాసార్లు ఎలక్ట్రానిక్స్ కాదు, లోపలి చిన్న ప్లాస్టిక్ గేరు.

సిగ్నల్ జనరేటర్‌లో గేరుకేం పని? ఇందులోని అసలు ఆసిలేటర్ పుట్టించేది పై శ్రేణిని, అంటే 256 నుంచి 512 మెగాహెర్ట్జ్‌ని. దాన్ని సగం చేస్తే 128 నుంచి 256. మళ్ళీ సగం, మళ్ళీ సగం. అలా దిగుతూ పోతే మొత్తం పది శ్రేణులు వస్తాయి. ఏ శ్రేణి కావాలో చెప్పేది ముందున్న నాబ్. అయితే ఫ్రీక్వెన్సీని సగం చేసినప్పుడు దాని మీదున్న ఎఫ్.ఎం. ఊగిసలాట కూడా సగమైపోతుంది. అందుకని శ్రేణి మారినప్పుడల్లా ఎఫ్.ఎం. స్విచ్ కూడా దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఇప్పుడైతే ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అప్పుడు ఒక షాఫ్ట్ ఇంకో షాఫ్ట్‌తో మాట్లాడాలంటే మధ్యలో గేర్లే ఉండాలి. ఈ గేర్లు పగలడం 8640బి బాగుచేసేవాళ్ళందరికీ పరిచయమైన జబ్బు.

ఎందుకు పగులుతాయో తెలియకుండా కొత్తది చేస్తే అదీ పగులుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారు. ఇనుము ముడుచుకుని చెక్కను బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టా బతుకంతా లాగుడులోనే ఉంటుంది, ఇనుము కాబట్టి ఓర్చుకుంటుంది. పాత పరికరాల గేర్లలోనూ ఇదే జరుగుతుంది. మధ్యలో లోహపు బుష్ లేదా షాఫ్ట్, దాని చుట్టూ బిగువుగా ప్లాస్టిక్ చక్రం. ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది, లోపలి లోహం మాత్రం తగ్గదు. ప్లాస్టిక్ ఇనుములా ఆ లాగుడును దశాబ్దాలు మోయలేదు. ఒకరోజు ఎవరూ ముట్టుకోకుండానే అలమరలో ఉన్న పెట్టెలోనే చక్రం అంచుదాకా చీలిపోతుంది.

చీలిన గేరు రెండు రకాలుగా ఏడిపిస్తుంది. పట్టు వదిలేసి షాఫ్ట్ మీద జారుతుంది. నాబ్ తిరుగుతుంది, వెనక స్విచ్ కదలదు. లేదంటే చీలిక దగ్గర రెండు పళ్ళ మధ్య ఎడం పెరిగి, ప్రతి చుట్టులోనూ అక్కడికి రాగానే బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే స్విచ్ కాంటాక్టులు పోతాయి. వాటిని చేయించడం గేరు కన్నా ఎన్నో రెట్లు కష్టం. జిగురుతో అతికించడం మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటి గేర్లకు వాడే ఎసిటాల్, నైలాన్‌ల మీద మామూలు జిగురు సరిగా నిలవదు. నిలిచినా లోపలి లాగుడు పోలేదుగా!

ఇక కొలతలు. చాలామంది పొరపడేది ఇక్కడే. విరిగిన ముక్కను వెర్నియర్‌లో పెట్టి బయటి వ్యాసం కొలుస్తారు. అది చీలి తెరుచుకుంది, ముడుచుకుపోయింది. దాని సైజు నమ్మదగ్గది కాదు. అది చెప్పే నిజం ఒక్కటే, పళ్ళ లెక్క. రెండో నిజం పరికరం ఫ్రేములో ఉంది: రెండు షాఫ్టుల మధ్య దూరం. లోహం కాబట్టి అది మారలేదు.

ఉదాహరణకు ఒక గేరుకు 40 పళ్ళు, దాని జోడీకి 20, షాఫ్టుల మధ్య దూరం 15.88 మిల్లీమీటర్లు అనుకుందాం. దూరాన్ని రెట్టింపు చేసి మొత్తం పళ్ళు 60తో భాగిస్తే 0.529 వస్తుంది. దీన్నే మాడ్యూల్ అంటారు. మెట్రిక్ గేర్లకు అలవాటుపడ్డ చెయ్యి దీన్ని వెంటనే 0.5 చేసేస్తుంది. చేయకూడదు. ఇది అమెరికా పరికరం, అంగుళాల లెక్క. 25.4ను 0.529తో భాగించి చూడండి, 48 వస్తుంది. అంటే ఇది 48 డీపీ గేరు. డీపీ అంటే అంగుళం వ్యాసానికి ఎన్ని పళ్ళు అనే కొలత. 48 డీపీలో 40 పళ్ళ చక్రం బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, 0.5 మాడ్యూల్‌లో అయితే 21. ఈ తేడాతో పళ్ళు అంచుల్లోనే తగిలి జారిపోతాయి. బాలానగర్‌లోనో ఇంకెక్కడో మిల్లింగ్ షెడ్డుకు వెళ్తే ముందుగా చెప్పాల్సిన మాట ఇదే: "అన్నా, మాడ్యూల్ కాదు, డీపీ."

కోసే పని తెలిసినవాడి చేతిలో ఇది చిన్న పనే. మామూలు ఇండెక్సింగ్ హెడ్‌లో 40 చుట్లకు జాబ్ ఒకసారి తిరుగుతుంది కాబట్టి 40 పళ్ళకు పన్నుకో చుట్టు. 35 నుంచి 54 పళ్ళ వరకు మూడో నంబరు కట్టర్ సరిపోతుంది. పన్ను వాలు కోణం పద్నాలుగున్నర డిగ్రీలా, ఇరవయ్యా అన్నది మాత్రం జోడీ గేరును చూసి తేల్చుకోవాలి. త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్ళకు ఒక మాట: 48 డీపీలో పన్ను మందం 0.83 మిల్లీమీటర్లు. 0.4 నాజిల్ రెండు గీతలు గీస్తే పన్ను అయిపోయింది. అంత సన్నని పనికి నైలాన్ పొడిని లేజర్‌తో కరిగించి చేసే ప్రింటింగ్ మేలు. చేత్తో నెమ్మదిగా తిప్పే స్విచ్ గేరుకైతే నా ఓటు ఇత్తడికే. కానీ ఆ గేరు రెండు షాఫ్టుల మధ్య కరెంటు పారకుండా ఆపుతోందేమో ముందు చూసుకోవాలి. అలాంటి చోట ఇత్తడి పెట్టకూడదు.

ఏ పదార్థమైనా మధ్య రంధ్రాన్ని బిగుతుగా చేయించకండి. షాఫ్ట్ మీద వేలితో నెడితే జారేటట్టు ఉండాలి. పట్టు కోసం పక్కన ఇత్తడి కాలర్, దానికి గ్రబ్ స్క్రూ. ప్లాస్టిక్ గేరైతే ఆ కాలర్‌కు చిన్న మరలతో బిగించాలి. అప్పుడు ప్లాస్టిక్ మీద లాగుడే ఉండదు.

పాతది విప్పే ముందు ఫొటో తీసి, కలిసే రెండు పళ్ళ మీద మార్కర్‌తో చుక్క పెట్టండి. 40 పళ్ళ చక్రంలో ఒక్క పన్ను తేడా అంటే 9 డిగ్రీలు. స్విచ్ రెండు స్థానాల నడుమ నిలబడిపోతుంది. కొత్త గేరు బిగించాక ప్లగ్గు పెట్టకుండానే నాబ్‌ను పది శ్రేణులకూ అటూ ఇటూ తిప్పి, ప్రతి టక్కు దగ్గరా వెనక స్విచ్ పూర్తిగా కూర్చుందా అని టార్చి వేసి చూడండి. ఆ తర్వాతే గ్రబ్ స్క్రూను చివరిసారి బిగించాలి.