డబ్బా పాతదే... పరుగు కొత్తది!

ఆన్ బటన్ నొక్కి, పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగాక కాఫీ కలుపుకుని వచ్చేసరికి కూడా తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. మీ ఇంట్లో పదేళ్ల నాటి కంప్యూటరూ ఇంతేనా? అయితే దాన్ని పాతసామాన్లకు వేసేముందు ఒక్క ఆదివారం ఆగండి. ఒక స్క్రూడ్రైవరు, ఒక కేబులు, అరచేతిలో పట్టే ఓ చిన్న పెట్టె... ఇవి చాలు దాని నడక మార్చడానికి!

నరసరావుపేటలో మా మేనమామది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టేవాళ్ల కరపత్రాలు... అన్నీ 2014లో కొన్న ఒకే ఒక్క కంప్యూటరు మీదే. కిందటి పెళ్లిళ్ల సీజన్లో అది మొరాయించడం మొదలెట్టింది. ఆన్ చేస్తే తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. ఒక శుభలేఖ తెరవడానికి మరో నిమిషం. ఎదురుగా పెళ్లివాళ్లు కూర్చుని గడియారం చూస్తుంటారు.

‘‘ఏంది అల్లుడూ ఇది... ఇంకా తిరుగుతానే ఉంది. కొత్తది కొనాలంటావా?’’

‘‘కొనొచ్చు మావయ్యా. కానీ నీ పేజ్‌మేకరు, నీ ఫాంట్లు అందులో నడుస్తాయో లేదో?’’

మావయ్య నోట మాట లేదు. సమస్య అక్కడే ఉంది మరి. తెలుగు డీటీపీ వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌నూ, అను ఫాంట్లనూ నమ్ముకున్నవాళ్లే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్లు యూనికోడ్ కంటే ముందు పద్ధతివి. ఆ ఫాంటు లేని సిస్టంలో ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. పన్నెండేళ్లుగా పేర్చుకున్న సరంజామా అంతా ఉన్నది ఉన్నట్టు కొత్త ఇంట్లోకి మారాలి. అంటే మార్చాల్సింది కంప్యూటర్ని కాదు... దాని గోదాముని!

చక్రం ఆగింది!

పాత కంప్యూటర్లలో ఉండేది హార్డ్ డిస్కు. పేరుకు తగ్గట్టే లోపల అద్దంలా మెరిసే బిళ్లలుంటాయి. అవి నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. 7200 అంటే సెకనుకు 120 చుట్లు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులో బిళ్ల అంచు వేగం గంటకు 125 కిలోమీటర్లు దాటుతుంది. దానిపైన వెంట్రుక మందం కూడా లేనంత ఎత్తులో ఓ సూది అటూఇటూ కదులుతూ సమాచారాన్ని చదువుతుంది.

పెద్ద సినిమా ఫైలు వరసగా చదవమంటే హార్డ్ డిస్కు బాగానే చదువుతుంది. కానీ విండోస్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఒక్కోదాని కోసం సూది కదలాలి, బిళ్ల తిరిగి ఆ చోటు కిందికి రావాలి. ఎంత పరుగెత్తినా సెకనుకు వంద, నూటయాభై చోట్లకు మించి వెళ్లలేదు. ఆలస్యమంతా అక్కడే.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. పెన్‌డ్రైవ్‌లోలాగే ఇందులోనూ చిప్‌లుంటాయి. జపాన్‌లో తొషిబా కంపెనీ ఇంజినీరు ఫుజియో మసువోకా 1980ల్లో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ దీనికి మూలం. ఏ మూలనున్న ఫైలైనా సెకనులో పదివేల వంతుకు అటూఇటూగా చేతికొస్తుంది. అందుకే ప్రాసెసర్ పాతదైనా సరే, డిస్కు మారగానే మనిషి మారినట్టు మారిపోతుంది.

డిస్కుల కథ మొదలైంది 1956లో. ఐబీఎం తయారుచేసిన ఆ మొదటి యంత్రంలో రెండడుగుల వెడల్పున్న బిళ్లలు 50. బరువు సుమారు టన్ను. అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోనుతో తీసే ఒక్క ఫొటోకి దాదాపు అంత చోటు కావాలి.

ఏది కొనాలి?

దుకాణానికి వెళ్లేముందే మనం సీపీయూ అని పిలుచుకునే ఆ డబ్బా మూత తీసి చూడండి. హార్డ్ డిస్కు నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే కేబులు సన్నగా, వేలెడు వెడల్పు కూడా లేకుండా ఉంటే అది సాటా. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తెచ్చుకోవచ్చు. రిబ్బన్‌లా అరచేతి వెడల్పున ఉంటే అది ఇంకా పాత కాలపుది. దానికి ఖర్చు పెట్టడం దండగ.

కాస్త కొత్త మదర్‌బోర్డుల్లో ఎమ్.2 అనే చిన్న గాడి ఉంటుంది. చూయింగ్ గమ్ రేకులాంటి కార్డు అందులో పడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతే, ఎన్‌వీఎమ్‌ఈ రకం కార్డులు 3000 ఎంబీ కూడా దాటుతాయి. అయితే ఎమ్.2 గాడి ఉందని ఏ కార్డు పడితే అది తెచ్చేయకూడదు. కొన్ని గాడులు సాటా కార్డుల్నే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎమ్‌ఈనే తీసుకుంటాయి. మదర్‌బోర్డు పుస్తకంలో చూసుకోవాలి.

మరో చిన్న చిక్కు. పాతది 500 జీబీ అయితే 480 జీబీది కొనడం కంటే 500 జీబీదో, అంతకంటే పెద్దదో కొనడం సుఖం. కొత్తది చిన్నదైతే ఉన్నదున్నట్టు నకలు తీసే సాఫ్ట్‌వేర్లు కొన్ని మొండికేస్తాయి. 500 జీబీ కొంటే తెర మీద 465 చూపిస్తోందని దుకాణదారుతో గొడవ పడకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. వస్తువు అదే, కొలపాత్రే వేరు.

నీళ్లు రాకముందే...

కొత్త ఎస్‌ఎస్‌డీ చేతికొచ్చింది కదా అని వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకండి. మాచర్ల దగ్గర నాగార్జునసాగర్ కట్టేటప్పుడు ఏం చేశారో గుర్తుచేసుకోండి. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగించారు. నీళ్లు రాకముందే ముఖ్యమైన కట్టడాల్ని విప్పదీసి నాగార్జునకొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. మునిగాక వెతుకుదామనుకుని ఉంటే మనకేం మిగిలేది?

ఫైళ్లకూ అదే సూత్రం. ముందుగా ఫొటోలు, పత్రాలు, లెక్కలు... పోతే తిరిగిరానివన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఊరికే కాపీ చేసి వదిలేయకుండా నాలుగైదు ఫైళ్లు అక్కణ్నుంచే తెరిచి చూడాలి. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంటికి దూరంగా... అన్నది నిపుణులు చెప్పే లెక్క. ఒక డిస్కు గుంటూరులో ఉన్న అక్కయ్య బీరువాలో పెట్టినా చాలు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్కు ఆరోగ్యం కూడా చూసుకోవాలి. లోపల్నుంచి టిక్ టిక్‌మని చప్పుడొస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంకా తిప్పితే మిగిలినదీ పోతుంది. అప్పుడు ఇంట్లో ప్రయోగాలొద్దు, డేటా రికవరీ వాళ్లదే ఆ పని.

మావయ్య షాపులో మేం కాపీ చేస్తుంటే ఒక ఫోల్డర్ దగ్గర ఆయన చెయ్యి ఆగింది. దానికి ‘అమ్మ’ అని పేరు పెట్టుకున్నాడు. అమ్మమ్మ పెద్దకర్మ కార్డు కోసం పాత గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి, మచ్చలు తుడిచి, రెండు రాత్రులు కూర్చుని బాగుచేసిన బొమ్మ. ఆ గ్రూపు ఫొటో తర్వాత చెదలు పట్టి పోయింది. అమ్మమ్మ మొహం స్పష్టంగా ఉన్నది ఈ ఒక్క ఫైల్లోనే.

‘‘ఇది ఇంకెక్కడా లేదా మావయ్యా?’’

‘‘ఇందులో ఉందిగా అనుకున్నారా...’’

మనలో చాలామంది అనుకునేది అదే.

విప్పుదాం... బిగిద్దాం!

ప్లగ్గు పీకేయాలి. పీకాక ఆన్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. రెంటచింతల ఎండలు, మాచర్ల నాపరాళ్ల దుమ్ము, పిడుగురాళ్ల సున్నపు పొడి... మన పల్నాడులో మూత తీస్తే లోపల ఓ పొర ఉండాల్సిందే. మెత్తటి బ్రష్షుతో ఆరుబయట దులపండి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని మరీ దులపాలి. అది గిర్రున తిరిగితే పాడవుతుంది.

ఒకసారి డబ్బా ఇనుప భాగాన్ని ముట్టుకోండి. ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు పోతుంది. ఎస్‌ఎస్‌డీని అంచులతోనే పట్టుకోవాలి. దానికి రెండు తీగలు కావాలి. మదర్‌బోర్డు నుంచి వచ్చే సన్నటి సాటా కేబులు ఒకటి, పవర్ సప్లయి నుంచి వచ్చే వెడల్పాటిది ఒకటి. రెండింటి మూతులూ ‘ఎల్’ ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెడదామన్నా పట్టవు. పట్టకపోతే నెట్టకండి, తిప్పి చూడండి. హార్డ్ డిస్కు అరలో ఎస్‌ఎస్‌డీ వదులుగా ఉంటుంది. దుకాణంలో చిన్న బిగింపు పట్టీ అమ్ముతారు. లోపల తిరిగే భాగం లేదు కాబట్టి కదలకుండా ఉంటే చాలు.

అసలు గండం ఇక్కడే

ఇప్పుడు రెండు డిస్కులూ తగిలించి ఉన్నాయి. పాతదాన్ని కొత్తదానిలోకి యథాతథంగా నకలు తీయాలి. దీన్నే క్లోనింగ్ అంటారు. చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలు ఇందుకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తాయి. క్లోన్‌జిల్లా లాంటివీ ఉన్నాయి. దేన్నుంచి, దేనికి... అని అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. అంతే!

కానీ ఆ రెండూ తారుమారైతే? ఖాళీ డిస్కు నకలు నిండు డిస్కు మీద పడుతుంది. పన్నెండేళ్ల కష్టం తుడిచిపెట్టుకుపోతుంది.

మావయ్య షాపులో మేం తెర ముందు కూర్చునేసరికి రెండు పేర్లు కనిపించాయి. రెండూ 465 జీబీలే. ‘‘ఇందులో మనది ఏది అల్లుడూ?’’ అన్నాడు. తెలుసనుకుని మౌస్ మీద వేలు పెట్టినవాణ్ని, ఆగిపోయాను. మళ్లీ ప్లగ్గు పీకి, పాత డిస్కు మీదున్న మోడల్ నంబరు కాగితం మీద రాసుకున్నాం. తెర మీద దానితో పోల్చుకుని, ఇద్దరం పైకి చదివాకే బటన్ నొక్కాం. మీరూ అలాగే చేయండి. మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాలి.

నకలు పూర్తవడానికి రెండు గంటలు పట్టింది. తర్వాత సిస్టం ఆపి, పాత డిస్కు తీగలు రెండూ తీసేసి, కొత్తదానితోనే లేపాలి. రెండూ ఒకేసారి ఉంటే విండోస్ తికమకపడుతుంది. లేవకపోతే కంగారొద్దు. ఆన్ చేయగానే డిలీట్ మీటో, ఎఫ్2 మీటో నొక్కి బయోస్‌లోకి వెళ్లి, ముందుగా కొత్త డిస్కును చూడమని చెప్పాలి.

ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్లేమీ లేని ఇళ్లలో నకలుకు బదులు కొత్త డిస్కులో విండోస్‌ను మొదటినుంచీ వేసుకోవడమే శుభ్రం. ఫైళ్లు తర్వాత కాపీ చేసుకోవచ్చు.

ఆశ ఎంతవరకు?

ఎస్‌ఎస్‌డీ మంత్రదండం కాదు. ర్యామ్ 2 జీబీయే ఉంటే దాన్నీ పెంచాలి. మరో సంగతి... విండోస్ 10కి మామూలు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 కావాలి, పదేళ్ల నాటి ప్రాసెసర్లను అది ఒప్పుకోదు. వేగం వచ్చినంత మాత్రాన భద్రత రాదు. అందుకే మావయ్య సిస్టంకి ఇంటర్నెట్ తీసేశాం. బ్యాంకు పనులు దానిలో చేయరు. ఇంట్లో పిల్లల చదువుకైతే ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవచ్చు.

ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందన్న భయమూ ఉంది. రాయడానికి దానికో పరిమితి ఉన్నమాట నిజమే. 100 టీబీ రాయొచ్చని కంపెనీ చెప్పిందనుకుందాం. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా పదమూడేళ్లు పైనే పడుతుంది. అయితే హార్డ్ డిస్కు చాలాసార్లు మూలిగి మరీ పోతుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా పోతుంది. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా, అందులోనూ వేడిలో బీరువాలో పెట్టినా అందులోని సమాచారం చెదిరిపోవచ్చు. దాచుకోవడానికి హార్డ్ డిస్కు, పనికి ఎస్‌ఎస్‌డీ... ఇదీ వరస.

ఇవి మరవొద్దు

* వారంటీ ఉన్న కంప్యూటరైతే మూత తీసేముందు షరతులు చదవండి.
* పాత డిస్కును నెల రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అంతా సరిగ్గా ఉందని తేలాకే వేరే పనికి వాడండి.
* పాత డిస్కు అమ్మేటప్పుడు ఊరికే ఫార్మాట్ కొడితే చాలదు. ఫైళ్లు తిరిగి లాగొచ్చు. పూర్తిగా తుడిచే సాఫ్ట్‌వేర్ వాడాలి.
* 2 టీబీ కంటే పెద్ద డిస్కు పెడితే జీపీటీ పద్ధతిలో సిద్ధం చేయాలి. లేకపోతే మిగతా చోటు కనిపించదు.

సాయంత్రం అయిదింటికి మూత బిగించాం. అమ్మమ్మ ఫొటో ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఒకటి గుంటూరులో. మావయ్య అలవాటు కొద్దీ ఆన్ బటన్ నొక్కి, ‘‘ఇది లేచేలోపు టీ చెప్పొస్తా’’ అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. గుమ్మం దాటకముందే వెనక్కి తిరిగి చూశాడు. తెర మీద శుభలేఖల ఫోల్డర్లు వరసగా కూర్చుని ఉన్నాయి.

‘‘టీ తర్వాత తాగుదాంలే అల్లుడూ... ముందు ఆ సత్తెనపల్లి వాళ్ల కార్డు కానిద్దాం’’ అంటూ కుర్చీ లాక్కున్నాడు.