మస్కాదే వైనుకు నప్పేది మసాలా లేని రొయ్య

విజయవాడ: కృష్ణా డెల్టా రొయ్యను విదేశాల్లో ఏ పానీయంతో తింటారన్నది ఇక్కడి వర్తకులు సాధారణంగా పట్టించుకోని సంగతి. కాని సరుకు ఏ రూపంలో కావాలో, ఏ వాసన ఉంటే గిరాకీ పోతుందో చాలవరకు తేల్చేది ఆ భోజనమే. ఫ్రాన్సులోని మస్కాదే అనే తెల్ల వైను ఇందుకు మంచి ఉదాహరణ.

లువార్ నది సముద్రాన్ని చేరబోయే ప్రాంతంలో, నాంత్ రేవు పట్టణం చుట్టుపక్కల పండే ‘మెలోన్ ద బుర్గోన్’ ద్రాక్షతో దీన్ని తయారు చేస్తారు. 17వ శతాబ్దిలో డచ్చి వర్తకులు బ్రాందీ కాచడానికి తెల్ల వైను కోరడంతో అక్కడ ఆ తోటలు పెరిగాయి. 1709 నాటి తీవ్రమైన చలికి తోటలు దెబ్బతినగా, చలికి ఓర్చుకునే ఈ రకాన్నే విరివిగా నాటారు. ఆ డచ్చివారే 1605లో మన మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. అక్కడి ఫ్రెంచిపేట పేరు నాటిదే.

మస్కాదే తేలికపాటి వైను. ఆల్కహాలు సుమారు 12 శాతం. తీపి ఉండదు, పులుపు కొట్టొచ్చినట్టు ఉంటుంది. మేలురకాన్ని పులిసిన తరువాత అడుగున దిగిన మడ్డి మీదనే చలికాలమంతా ఉంచి, ఆపైన సీసాలకు ఎత్తుతారు. దీన్ని 8 నుంచి 10 డిగ్రీల వరకు చల్లబరచి తాగుతారు. చేప ముక్కపై నిమ్మరసం పిండితే ఏ ప్రయోజనమో, ఈ పులుపుకూ అదే ప్రయోజనం.

అందుచేత ఆల్చిప్పలు, ఉడికించిన రొయ్యలు, వెన్న రసంతో వడ్డించే చేపలు దీనికి నప్పుతాయి. గోంగూర రొయ్యలు, చేపల పులుసు నప్పవు. చింతపండు పులుపు ముందు వైను పులుపు చప్పబడిపోతుంది. ఆల్కహాలు తగిలితే మిరప మంట హెచ్చుతుంది. మన సరుకులో దీనికి జోడీ కట్టవలసి వస్తే ఉప్పు, మిరియాలతో వెన్నలో వేయించిన రొయ్య, ఉడికించిన పీత, ఆవిరి మీద వండిన పండుగప్ప మేలు.

వర్తకం సంగతి ఇక్కడే ఉన్నది. మసాలా లేని వంటలో సరుకు లోపం దాగదు. చెరువులో నీలి ఆకుపచ్చ నాచు పెరిగితే రొయ్యకు పట్టే బురద వాసన మన ఇగురులో తెలియకపోవచ్చును. ఉడికించి చల్లార్చిన రొయ్యలో మొదటి ముక్కకే తెలిసిపోతుంది. ఫ్రాన్సులో రొయ్యను తలతో సహా ఉడికించి వడ్డించడం వాడుక. పట్టిన వెంటనే ఐసులో పెట్టని సరుకుకు తల నల్లబడుతుంది. మన ఎగుమతుల్లో ఎక్కువ భాగం తల తీసిన, పొట్టు ఒలిచిన సరుకే. తలతో కూడిన రొయ్యల గిరాకీలో ఈక్వెడారు ముందున్నది.

తనిఖీ కూడా చిన్నది కాదు. యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా ఐరోపా సమాఖ్య 2016లో మన పెంపకపు రొయ్యల సరుకుపై నమూనా పరీక్షలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, ఒకే విపణిపై ఆధారపడడంలోని నష్టం డెల్టా రైతుకు, ప్లాంట్లకు స్పష్టంగా తెలిసివచ్చింది.

ఐరోపా వైపు చూసే వర్తకులు కౌంటుతోపాటు వాసన, తల రంగు, మందుల రికార్డు కూడా చెరువు గట్టునే సరిచూసుకోవడం లాభదాయకం. అక్కడి వంటలో కారం, పులుసు ఈ సరుకును ఆదుకోవు.