యంత్రము మేలుకొను క్రమము

కరెంటు పోవుట కృష్ణాతీరవాసులకు క్రొత్త సంగతి కాదు. పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణమున మన యంత్రములు ఏమి చేయవలెనన్నదే మనము అంతగా ఆలోచింపని సంగతి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగరు పరిసరములను ముంచివేసినది. ప్రకాశం బరాజు వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము సాగినది. ముంపు ప్రాంతములకు విద్యుత్తును నిలిపివేయవలసి వచ్చినది. అట్టి వేళ ఆసుపత్రిలోనో, కార్యాలయములోనో, ప్రసార కేంద్రములోనో మూలగదిలోనుండు కంప్యూటరు ఆగిపోవును. కొన్ని గంటలకో, కొన్ని దినములకో కరెంటు వచ్చును. ఆ గదికి పోవుటకు అప్పటికింకను పడవ తప్ప దారి లేకపోవచ్చును. యంత్రము తనంతట తాను లేచి తన పనిని అందుకొనవలెను. అది ఎట్లు లేచునో, ఏ వరుసను లేవవలెనో మనము ముందుగా నిర్ణయించు విధానమును ఈ ప్రసంగమున వివరింతుము.

మేము చెప్పబోవునది యూనిక్సు కుటుంబపు వ్యవస్థలను గూర్చి. యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. దాని పోలికలతో 1991లో లినక్సు వెలువడినది. మన దేశమున సీడాక్ సంస్థ రూపొందించిన బాస్, తెలుగున పనిచేయుటకై హైదరాబాదు ఔత్సాహికులు సిద్ధపరచిన స్వేచ్ఛ, ఈ రెండును లినక్సు సంతానమే.

కరెంటు వచ్చినంతనే యంత్రము లేచునని అనుకొనుట పొరపాటు. యంత్రపు పలకలోనే బయాస్ అను ఒక చిన్న వ్యవస్థ కలదు. విద్యుత్తు తిరిగి వచ్చినపుడు లేవవలెనా, మీట నొక్కువరకు నిద్రింపవలెనా అను అమరిక దానియందే ఉండును. అది సరిగా లేనిచో తక్కిన ఏర్పాట్లన్నియు వ్యర్థములు. అది సరిగానున్నచో, పిదప కెర్నెలు అను మూలభాగము మెమొరీలోనికి వచ్చి ఒకే ఒక ప్రోగ్రామును లేపును. దాని పేరు ఇనిట్. దాని సంఖ్య ఎప్పుడును 1. ఇతర ప్రోగ్రాములన్నియు దాని బిడ్డలో, మనుమలో అగును. తెర వెనుక నిలిచి పనిచేయు ఈ ప్రోగ్రాములకే సర్వీసులని పేరు. గడియారమును సరిచూచునది ఒకటి, నెట్‌వర్కును నడపునది ఒకటి, జరిగిన ప్రతి సంగతిని లాగ్ అను దినచర్యలో వ్రాయునది మరియొకటి.

ఏ సర్వీసులను లేపవలెనో ఇనిట్‌నకు తెలుపుటకు సిస్టమ్ ఫైవ్ అను యూనిక్సు శాఖలో రన్ లెవెళ్లు ఏర్పడినవి. రన్ లెవెల్ అనగా యంత్రము ఉండదగిన స్థితి. సున్న అనిన ఆగుట, ఆరు అనిన ఆగి తిరిగి లేచుట. ఒకటి అనిన మరమ్మతు స్థితి: నెట్‌వర్కు లేదు, ఇతరులకు ప్రవేశము లేదు, యజమాని యొక్కడే పనిచేయును. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయు దినములవంటి దిది. రెడ్ హ్యాట్ పద్ధతిలో మూడు అనిన అందరికి సేవలందు సంపూర్ణ స్థితి, అయిదు అనిన దానికి తోడు బొమ్మల తెర. డెబియన్ పద్ధతిలో రెండు మొదలు అయిదు వరకు మొదట భేదమే లేదు; కావలసినవారు తామే కల్పించుకొనవలెను. యంత్రము లేవగానే ఏ స్థితికి పోవలెనో ఇనిట్‌ట్యాబ్ అను ఫైలులోని ఒక పంక్తి చెప్పును. ఆ పంక్తిలో ఆరు అని వ్రాసినవారి యంత్రము లేచుచు పడుచు ఎడతెగక తిరుగుచునే యుండును!

ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క సంచి. అందులోని పేర్లు కొన్ని ఎస్ అక్షరముతోను, కొన్ని కె అక్షరముతోను మొదలగును. ఎస్ అనిన లేపుము, కె అనిన ఆపుము. అక్షరము వెంట రెండంకెల సంఖ్య యుండును. రెడ్ హ్యాట్‌లో నెట్‌వర్కునకు 10, లాగ్‌నకు 12, గడియారమును సరిచేయు సర్వీసునకు 58. చిన్న సంఖ్య ముందు, పెద్ద సంఖ్య వెనుక.

ఈ వరుస యొక్క విలువ డెల్టా రైతునకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. బరాజు వద్ద తలుపెత్తినంతనే నాగాయలంక చేనికి నీరందదు. ప్రధాన కాలువ నిండవలెను, శాఖ కాలువ పారవలెను, లస్కరు తూము నెత్తవలెను, బోదె తడియవలెను. శివారు రైతు అందరికన్న ముందు మడి దున్ని కూర్చున్నను ప్రయోజనము లేదు. యంత్రమునందును అంతే. రికార్డు చేసిన కార్యక్రమములను వేళకు వినిపించు ప్రోగ్రామొకటి ఉన్నదనుకొందము. రికార్డింగులున్న డిస్కు జతపడకముందే అది లేచినచో ఖాళీ సంచిని చూచి మౌనము వహించును. గడియారము సరిపడకముందే లేచినచో ఉదయపు భక్తి గీతములు ఏ అర్ధరాత్రియో వినబడును. రెంటియందును ప్రోగ్రాములో దోషము లేదు; దోషము వరుసలోనిదే.

సంఖ్యల పద్ధతిలో ఒక చిక్కు కలదు. పండ్రెండవది పదవదాని తరువాత వచ్చునని తెలియును గాని, ఎందుకు రావలెనో వ్రాసియుండదు. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ ఈ లోపమును సవరింప పూనుకొన్నది. 2015లో డెబియన్ ఎనిమిదవ కూర్పు సయితము దానినే స్వీకరించినది. ఇందు రన్ లెవెళ్లకు బదులు టార్గెట్లు. ప్రతి సర్వీసునకు ఒక చిన్న ఫైలు. అందులో దాని అవసరములు మాటలలోనే యుండును. ఇచ్చట రెండు మాటలను వేరుపరచి చూడవలెను. రిక్వైర్స్ అనగా ఇది నాకు అవసరము. ఆఫ్టర్ అనగా నేను దీని వెనుక. మొదటిది మాత్రమే వ్రాసినచో రెండును ఒకేసారి లేచును, వరుస ఏర్పడదు. రెండవది మాత్రమే వ్రాసినచో వరుస ఏర్పడును గాని, ముందుది అసలు లేవకున్నను వెనుకది లేచును. రెండును కావలసినచోట రెండును వ్రాయవలెను. డిస్కు విషయమున మాత్రము రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అను ఒక్క పంక్తి ఈ రెండు పనులను చేయును.

అన్నిటికన్న ఎక్కువగా మోసపుచ్చునది మరియొకటి. సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ అను ఆజ్ఞ సర్వీసును ఇప్పుడు లేపును, అంతే. ఎనేబుల్ అను ఆజ్ఞ యంత్రము లేచినప్పుడెల్ల దానిని లేపుమని వ్రాసియుంచును, ఇప్పుడు మాత్రము లేపదు. స్టార్ట్ మాత్రమే చేసిన సర్వీసు నెలల తరబడి చక్కగా నడచును. ఎవ్వరికిని అనుమానము రాదు. కరెంటు పోయి వచ్చిననాడు అది ఉండదు. నేడు నడచుచున్న యంత్రము, రేపు తనంతట లేవగల యంత్రము, ఈ రెండును ఒకటి కావని మేము నొక్కి చెప్పుట ఇందుకే.

దీనికి మారుమొగము కూడ కలదు. అక్కరలేని సర్వీసులు లేచుచుండుట వలన మెమొరీ వ్యర్థమగుటయే కాక, నెట్‌వర్కు వైపు తలుపులు తెరచియుండును. ముద్రణయంత్రమే లేని చోట ముద్రణ సర్వీసు ఎందులకు? అట్టివానిని డిసేబుల్ చేయవలెను. వేరొక సర్వీసు దానిని పిలిచినను లేవరాదన్నచో మాస్క్ చేయవలెను.

వరద వేళ అక్కరకు వచ్చు సంగతులు రెండు మిగిలినవి. బయట తగిలించిన డిస్కు చెడినచో, సాధారణముగా యంత్రము దానికొరకు తొంబది సెకండ్లు వేచి, పిదప అత్యవసర స్థితిలో ఆగి సంకేతపదమును అడుగును. గదిలో మనిషి లేడు కదా! డిస్కుల పట్టికయగు ఎఫ్‌స్టాబ్‌లో ఆ డిస్కునకు ఎదురుగా నోఫెయిల్ అని వ్రాసినచో అది లేకున్నను తక్కిన యంత్రము లేచును.

రెండవది పరీక్ష. వానలకు ముందే, రికార్డింగులకు నకలు తీసికొని, ఒక మధ్యాహ్నము యంత్రమును నిలిపి లేపి చూచి, సిస్టమ్‌సీటీఎల్‌నకు ఫెయిల్డ్ అను మాట చేర్చి అడిగినచో లేవని సర్వీసుల పట్టిక వచ్చును. రీబూట్ ఆజ్ఞతో మాత్రమే తృప్తిపడరాదు. అది బయాస్ అమరికను పరీక్షింపదు. గోడ వద్ద కరెంటునే ఆపి తిరిగి ఇవ్వవలెను. యూపీఎస్ ఉన్నచోట మరింత జాగ్రత్త వలయును. బ్యాటరీ తరుగుచుండగా అది యంత్రమును పద్ధతిగా నిలిపివేయును. బయాస్‌లో వెనుకటి స్థితికి పొమ్మని యున్నచో, కరెంటు వచ్చిన పిదప యంత్రము తన వెనుకటి స్థితి ఆగియుండుటయే అనుకొని అట్లే నిద్రించును. అక్కడ ఎల్లప్పుడును లేవుమను అమరికనే ఉంచవలెను.