సోరియాసిస్ కీళ్లవాపు – స్థూలకాయం : నా అనుభవం

నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. వయస్సు యాభై రెండు సంవత్సరాలు. నా మోచేతులపై, తలలో సోరియాసిస్ పొలుసులు చాలాకాలంగా ఉన్నాయి. లేపనాలు రాసుకుంటూ కాలం గడుపుతూ వచ్చాను. నాలుగేళ్ల క్రితం, ఉదయం నిద్ర లేవగానే మడమలు నేలకు ఆనించలేని స్థితి ఏర్పడింది. నా ఎత్తు 152 సెంటీమీటర్లు; బరువు అప్పటికి 78 కిలోలు. చెప్పుకున్నవారందరూ ఒకే మాట అన్నారు: "లావు తగ్గండి, నొప్పి దానంతట అదే పోతుంది." నేనూ నమ్మాను. ఆ నమ్మకంలో రెండేళ్లు గడిచిపోయాయి.

తరువాత కుడిచేతి చూపుడువేలు మొదలు నుండి కొన వరకు వాచింది. సుద్దముక్క పట్టుకోవడమే కష్టమయింది. అప్పుడు కీళ్లవ్యాధుల నిపుణుని వద్దకు వెళ్లాను. ఆయన ముందుగా నా గోళ్లను పరిశీలించారు. వాటిపై సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలున్నాయి. ఇది సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అని చెప్పారు. చికిత్స మొదలయింది గాని, వేలి చివరి కణుపు అప్పటికే శాశ్వతంగా వంగిపోయింది.

లావుకూ దీనికీ సంబంధమేమిటి?

మడమనొప్పికి శరీరభారమే కారణమనుకుందాం. మరి ఏ బరువూ మోయని వేలు ఎందుకు వాచింది? ఈ ప్రశ్న నాకు ముందే తట్టవలసింది. ఈ వ్యాధిలో దేహరక్షణ వ్యవస్థే పొరపాటున కీళ్లపై దాడి చేస్తుంది.

అలాగని లావుకు ఇందులో పాత్ర లేదనుకోరాదు. కొవ్వు కేవలం నిల్వ సరుకు కాదు. అది టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపును ప్రేరేపించే పదార్థాలను రక్తంలోకి విడుదల చేస్తుంది. స్థూలకాయులలో కొన్ని మందులు తగినంతగా పనిచేయవు కూడా. టి.ఎన్.ఎఫ్.ను నిరోధించే మందులు ప్రారంభించిన అధిక బరువు గల రోగులపై ఇటలీలో జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. బరువులో 5 శాతమో, అంతకు మించో తగ్గినవారిలో వ్యాధి ఎక్కువగా అదుపులోకి వచ్చింది. 78 కిలోల మనిషికి 5 శాతమంటే నాలుగు కిలోలే!

మన వైద్యం చెప్పినది

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం స్థూలకాయాన్ని వివరిస్తుంది. మేదస్సు మార్గాలను నిరోధించగా, వాయువు కోష్ఠంలో సంచరించి జఠరాగ్నిని రగిలిస్తుందని, అందువల్ల ఆకలి మరింత పెరుగుతుందని అందులో ఉంది. కడుపు నింపుతూనే దేహాన్ని పెంచని ఆహారం ఇవ్వాలంటుంది. బార్లీ, కొర్రలు, అరికెలు, పెసలు, ఉలవలు, ఉసిరి అక్కడ పేర్కొన్నవే. ఇవన్నీ మన వంటింటివే కదా!

నేను పాటించిన పద్ధతి

ఉదయం జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర, పలుచని మజ్జిగ. సాయంత్రం బజ్జీలకు బదులు వేయించిన శనగలు. రాత్రి ఏడున్నరలోపు తక్కువ నూనెతో పెసరట్టు. ఇద్దరమే ఉన్న ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె ఖర్చయ్యేది. దానిని ఒక లీటరుకు తగ్గించాము. నడవలేని రోజుల్లో కుర్చీలో కూర్చొని కాళ్లూ చేతులూ ఆడించాను. క్రమంగా అరగంట నడక అలవాటయింది.

పద్నాలుగు నెలలలో ఎనిమిది కిలోలు తగ్గాను. గంటకు పైగా ఉండే ఉదయపు బిగుసుదనం ఇప్పుడు పావుగంటలో సడలుతోంది. మందులు మాత్రం మానలేదు. వేలు నిటారు కాలేదు. మోచేతుల మచ్చలూ పూర్తిగా పోలేదు.

జాగ్రత్తలు

మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసాలు చేయరాదు. మెథోట్రెక్సేట్ వాడేవారు, త్వరగా సన్నబరుస్తామనే చూర్ణాలను వైద్యునికి చెప్పకుండా తీసుకోరాదు. కాలేయానికి హాని కలుగవచ్చు. సోరియాసిస్ ఉన్నవారికి ఉదయం అరగంటకు మించి కీళ్లు బిగుసుకున్నా, వేలు మొత్తం వాచినా, గోళ్లపై గుంటలు పడినా, మడమనొప్పి విడువకపోయినా వెంటనే నిపుణునికి చూపించాలి.

ఇంట్లోవారికి ఒక విన్నపం. నొప్పి వల్ల కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గితే బరువు పెరుగుతుంది. కనుక రోగిని దెప్పవద్దు. మీరూ అదే జొన్నరొట్టె తినండి, సాయంకాలం తోడుగా నడవండి. మావారు చేసినది అదే. ఆ తోడు లేకుంటే నేను రెండవ నెలలోనే మానివేసి ఉండేదానిని.