గేర్‌బాక్స్ పోయిందా, దాని కంప్యూటర్ పోయిందా?

సీఎస్‌ఈ వాళ్ళకి గేర్‌బాక్స్‌తో పనేంటి అంటారా? మనం డిజిటల్ లాజిక్‌లో చదివిన గ్రే కోడ్ ఒక పాత జీపు కింద ఆయిల్‌లో మునిగి పనిచేస్తోందని తెలిశాక నేనైతే ఊరుకోలేకపోయాను.

ఆ బండి జీప్ చెరొకీ, ఎక్స్‌జే మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్. 4.0 లీటర్ల ఇంజన్ ఉన్న ఆటోమేటిక్ బళ్ళలో 1987 నుంచి 2001 దాకా ఏడబ్ల్యూ4 అనే నాలుగు గేర్ల బాక్స్ పెట్టారు. జపాన్‌కి చెందిన ఐసిన్ వార్నర్ తయారీ అది. టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్నది ఇదే బండి. ఉన్నట్టుండి సిగ్నల్ దగ్గర కదలడానికి మొరాయించడం మొదలుపెట్టింది. గేర్‌బాక్స్ మొత్తం విప్పాలన్నాడు మెకానిక్. చెప్పిన రేటు బండి కొన్న ధర కంటే ఎక్కువ! పార్ట్‌టైమ్ జీతంతో అయ్యే పని కాదు. దాంతో వీడియో కాల్‌లో ఇద్దరం దీని వెనక పడ్డాం.

ఈ బాక్స్‌లో గేర్లు మార్చేది ఆయిల్ ప్రెషర్. ఆ ఆయిల్ ఎటు పోవాలో చెప్పేవి రెండు సొలెనాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు. వాటికి ఆన్, ఆఫ్ చెప్పే కంప్యూటరే టీసీయూ. యాక్సిలరేటర్ ఎంత తొక్కాం, బండి ఎంత స్పీడులో ఉందనేది చూసి అది నిర్ణయిస్తుంది. ఆన్‌ని 1, ఆఫ్‌ని 0 అనుకుంటే మొదటి గేర్ 10, రెండు 11, మూడు 01, నాలుగు 00. గేర్ మారిన ప్రతిసారీ ఒక్క బిట్టే మారుతోంది చూశారా!

ఇప్పుడు టీసీయూకి కరెంటు లేదనుకోండి. రెండూ 0. డీలో పెడితే బండి నేరుగా నాలుగో గేర్‌లో బయల్దేరుతుంది, అందుకే ఆ బద్ధకం. కానీ రాడ్‌ని 1-2లో పెడితే మొదటి గేర్, 3లో పెడితే మూడోది వస్తాయి. ఎందుకంటే రాడ్‌కి కేబుల్‌తో కలిపిన వాల్వ్ ఒకటి లోపల ఉంది, దానికి కంప్యూటర్‌తో పని లేదు.

టెస్ట్ కూడా ఇదే. ముందు ఆయిల్ చూడాలి: మట్టం సరిపోవాలి, మాడు వాసన రాకూడదు. ట్రాన్స్‌ఫర్ కేస్ రాడ్ న్యూట్రల్‌లో లేదని చూసుకోవాలి. తర్వాత ఇంజన్ ఆపి టీసీయూ కనెక్టర్ పీకేసి, ఖాళీ స్థలంలో నడపాలి. ఒకటి, మూడు, నాలుగు, రివర్స్ గట్టిగా పట్టుకుంటే తప్పు చాలావరకు వైరింగ్ వైపే. రెండో గేర్ సంగతి మాత్రం ఇందులో తేలదు. అప్పుడు కూడా ఇంజన్ రేజ్ అవుతూ గేర్ జారిపోతుంటే లోపలి క్లచ్ ప్లేట్లో, ప్రెషరో దెబ్బతిన్నట్టు. అలాంటప్పుడు మెకానిక్ మాటే నిజం.

అన్నయ్య బండి కనెక్టర్ పీకకముందూ, పీకాకా ఒకేలా నడిచింది! అంటే టీసీయూ అప్పటికే నిద్రపోతోంది. చూస్తే ఫ్యూజ్ కాలిపోయి ఉంది. కొత్తది వేస్తే అదీ పోయింది. బండి కింద దూరి వైర్ల వెంట వెతికితే, ఒక వైరు ఎగ్జాస్ట్ పైపుకి ఆనుకుని తొడుగు కరిగిపోయింది. ఆ ముక్క మార్చి, దూరంగా కట్టాడు. సొలెనాయిడ్లని మల్టీమీటర్‌తో కొలిస్తే 11 నుంచి 15 ఓమ్‌ల మధ్య ఉండాలి, ఉన్నాయి. ఆ సాయంత్రం డీలో నాలుగు గేర్లూ వరసగా పడ్డాయి.

కొత్త తరం బాక్సుల మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి, వాటి పద్ధతి వేరు. ఇలాంటి పాత బండి మీ ఇంట్లో ఉంటే, విప్పడానికి ఒప్పుకునే ముందు మెకానిక్‌ని ఒక్క మాట అడగండి: "అన్నా, టీసీయూ పీకి నడిపి చూశావా?"